నలుగురి డబ్బు, ఒక రుమాలు

రజబు మాసం దాటిందంటే మదరసా ముంగిట వాతావరణమే మారిపోతుంది. షాబానులో వార్షిక పరీక్షలు, ఆ వెంటనే ట్రంకు పెట్టెలు మోసుకుంటూ పిల్లలు ఇళ్ళకు పయనం. షవ్వాలు రెండవ వారం వరకు తరగతి గదులకు తాళాలే. బయటివారికి ఇది రెండు నెలల సెలవుగా కనబడుతుంది. నిజానికి మా వంటి ఉపాధ్యాయులకు అందులో మిగిలేది పది పన్నెండు రోజులు మాత్రమే. రమజాను రాగానే కొందరు తరావీహ్ చదివించాలి, కొందరు రసీదు పుస్తకాలు చేతబట్టుకుని మదరసా చందాల కొరకు ఊరూరా తిరగాలి. షాబాను ఆఖరి రోజులే మావి.

సెలవుల కాలం దగ్గరపడుతున్నందున కాబోలు, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో రెండు ఒకే విషయం మీద ఉన్నాయి. మిత్రులతో కలిసి విహారానికి పోవడం ధర్మసమ్మతమేనా అని ఒక సోదరుడు అడిగారు. తన భర్త మిత్రబృందంతో దుబాయి వెళ్ళడానికి అప్పు చేస్తున్నారని, ఆయనను నొప్పించకుండా ఆపడం ఎలాగని ఒక సోదరి అడిగారు. మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. నమాజు తప్పకుండా, నిషిద్ధమైనదేదీ కలవకుండా, ఇంటివారి హక్కులకు భంగం రాకుండా పోగలిగితే నిరభ్యంతరంగా పోవచ్చు. భూమిలో సంచరించి చూడమని దివ్య ఖురాను పలుచోట్ల ప్రోత్సహించింది. రెండవ ప్రశ్నకు మాత్రం మా దగ్గర చిన్న సమాధానం లేదు. ఎందుకంటే అటువంటి ప్రయాణం ఒకటి మేము చేశాము. అందులో తప్పు చేసినవారిలో మేమూ ఒకరము.

అది 2019 ఏప్రిల్. మా కడప జిల్లాలో విదేశమంటే కువైట్. ఇంటికొకరు అక్కడ వాహనం నడుపుతూనో, వంట చేస్తూనో ఉంటారు. పాస్‌పోర్టు అనేది బ్రతుకుతెరువు కొరకు తీసుకునే కాగితం తప్ప, సెలవులకు తీసుకునేది కాదు. అటువంటి ఊరిలో యాభై దాటిన నలుగురము వేడుక కొరకు దేశం దాటాలని అనుకోవడమే ఒక వింత. ఆ ఆలోచన పుస్తకాల భాయిది. ఆయన మాతో పాటు మదరసాలో నాలుగేళ్ళు చదివి, తరువాత వ్యాపారంలోకి దిగి పుస్తకాలు, అత్తరుల దుకాణం పెట్టుకున్నారు. అసరు నమాజు తరువాత ఆ దుకాణం అరుగే మా కచేరీ. అక్కడ కూర్చునే మిగతా ముగ్గురిలో పెద్దవారు హాఫిజ్ సాబ్, పిల్లలకు తజ్వీదు నేర్పే ఖారీ సాబ్, ఆపైన మేము.

ఒకనాటి సాయంత్రం భాయి కాగితం మీద వేసిన లెక్క చూపారు. ఢిల్లీ వరకు రైలు, అక్కడినుండి తాష్కెంటుకు విమానం, సమర్‌ఖంద్, బుఖారా చూసుకుని తిరుగు ప్రయాణం. ఎనిమిది రోజులు, తలకు 78,000 రూపాయలు. "అందరికీ సమ్మతమేనా?" అని అడిగారు. సమర్‌ఖంద్, బుఖారా అన్న రెండు పేర్లు వినగానే మా గుండె లయ తప్పింది. మేము జీవితమంతా చదివి, చదివించిన గ్రంథాలు పుట్టిన నేల అది. ఇమామ్ బుఖారీ పుట్టింది అక్కడ. ప్రతి యేటా మేము బోధించే హిదాయా రచయిత మర్గీనానీది ఫర్గానా లోయ. మా అబ్బాయి కువైట్ నుండి పంపిన సొమ్ము కొంత నిలువ ఉన్నది. "సమ్మతమే" అన్నాము. హాఫిజ్ సాబ్ తలూపారు. ఖారీ సాబ్ ఒక్క క్షణం ఆగి, ఆయన కూడా తలూపారు. ఆ ఒక్క క్షణాన్ని మేము ముగ్గురము చూశాము. ఎవ్వరమూ పట్టించుకోలేదు. ఆనాడు ఖారీ సాబ్ నెల జీతం 11,000 రూపాయలని మా అందరికీ తెలుసు.

ముగ్గురు ప్రయాణమైతే తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. ఆ ప్రకారం ఢిల్లీ విమానాశ్రయంలో హాఫిజ్ సాబ్‌ను అమీరుగా ఎన్నుకున్నాము. సున్నతు నెరవేరిందని సంతోషించాము గాని, అమీరుకు ఏమి అధికారం ఇస్తున్నామో ఆలోచించలేదు. మా దృష్టిలో అమీరు పని ఫజ్రుకు లేపడం, నమాజు చేయించడం, అంతే. విమానం నేలను వదిలినప్పుడు వాహన దుఆ చదువుతున్న హాఫిజ్ సాబ్ స్వరం వణికింది. మా స్వరం సంగతి చెప్పనే అక్కరలేదు.

సుమారు మూడు గంటలలో తాష్కెంటు. గడియారాలను అరగంట వెనక్కు తిప్పుకున్నాము. కడపలో ఎండ మండిపోతుంటే అక్కడ సన్నని వాన, చలి. నూరు రూపాయలకు సుమారు 12,000 సోములు చేతికి వచ్చాయి. నలుగురమూ జీవితంలో తొలిసారి లక్షాధికారులమయ్యామని భాయి హాస్యమాడారు. ఎదురుపడిన ప్రతి వృద్ధుడూ చేయి గుండెమీద ఉంచి సలాము చెప్పేవారు. మరీ ఆనందం కలిగించింది వారి మాటలు. నాన్, చాయ్, కితాబ్, దోస్త్, మేహ్‌మాన్, పియాలా, బజార్, దర్వాజా. ఉచ్చారణలో కొంచెం తేడా, అంతే. ఇందులో కొన్ని మన తెలుగు ఇళ్ళలో కూడా స్థిరపడిపోయిన మాటలు. సబ్జీ అంటే మాత్రం వారి భాషలో క్యారెట్టు అని తెలిసి నవ్వుకున్నాము. రెండు రోజులలో మేము మాటలు ఏరుకునే పిల్లలమైపోయాము. ఈ మాటల ముచ్చటే తరువాత మా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఒక్క విషయం ఇక్కడ చెప్పకుండా ఉండలేము. తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసే అధ్యాయాన్ని మేము పాతికేళ్ళకు పైగా బోధించాము. స్థానికునికి ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికునికి మూడు పగళ్ళు మూడు రాత్రుల గడువు, ఎంత చిరుగు ఉంటే చెల్లదు, ఎప్పటినుండి లెక్క మొదలు అన్నీ పిల్లలచేత వల్లె వేయించాము. కడప ఎండలో ఆ పాఠం చెప్పేటప్పుడు ఏదో ఒక పిల్లవాడు, "ఉస్తాద్, ఇవి ఎవరు తొడుగుతారు?" అని తప్పక అడిగేవాడు. సమర్‌ఖంద్‌లో తొలి ఫజ్రుకు ఉజూ చేయబోతే నీళ్ళు వేళ్ళను కొరికేశాయి. పక్కన ఒక వృద్ధుడు ముఖము, చేతులు కడుక్కుని, తలపై మసహ్ చేసి, మోకాళ్ళ దాకా ఉన్న మెత్తని నల్ల తోలు మేజోళ్ళ మీద తడి వేళ్ళను నింపాదిగా లాగి లేచిపోయారు. వాటిని అక్కడ మహ్‌సీ అంటారు. బయటికి వెళ్ళేటప్పుడు వాటిపై రబ్బరు బూట్లు తొడిగి, మస్జిదు గుమ్మం దగ్గర బూట్లు మాత్రం విడిచి లోపలికి వస్తారు. ఒక సౌలభ్యాన్ని అల్లాహ్ ఎందుకు ప్రసాదించాడో అది అవసరమైన చోట నిలబడితే గాని కాళ్ళకు తెలియదు. ఆ చలిలో నిలబడి మేము ఆ వృద్ధునివైపు చాలాసేపు చూశాము.

రీగిస్తాను మైదానంలో మూడు మదరసాలు మూడువైపులా నిలిచి ఉన్నాయి. వాటిలో పాతది ఉలుగ్ బేగ్ కట్టించినది, 1420లో పూర్తయింది. మిగతా రెండూ రెండు శతాబ్దాల తరువాతివి. విద్యార్థుల గదులలో ఇప్పుడు జ్ఞాపికలు అమ్మే దుకాణాలున్నాయి. మదరసా ఉపాధ్యాయులమైన మాకు ఆ నీలి పలకల అందం కంటె ఆ గదులే ఎక్కువగా కళ్ళలో పడ్డాయి. ఒక్కొక్కటి మా పిల్లల గది కంటె పెద్దదేమీ కాదు. అసఫ్‌జాహీ వంశానికి మూలపురుషుడైన ఖ్వాజా ఆబిద్ ఈ ప్రాంతం నుండే హిందుస్తాను వచ్చి, 1687లో గోల్కొండ ముట్టడిలో మరణించారని హాఫిజ్ సాబ్‌కు చెబుతూ నడిచాము. ఖారీ సాబ్ మాకు కాస్త వెనుకగా నడుస్తున్నారు. లోపలికి టికెట్టు అన్నప్పుడు తాను బయట మెట్లమీద కూర్చుంటానన్నారు. చాయ్‌ఖానాలో పులావు తెప్పిస్తే కడుపులో బాగాలేదన్నారు. పొద్దున కొన్న రొట్టె ముక్క జేబు రుమాలులోనుండి తీసి తినడం మేము చూశాము. భాయి ముఖం చిట్లించారు. నిజం చెప్పాలంటే మాకు కూడా విసుగు పుట్టింది. ఇంత దూరం వచ్చి ఈ లోభమేమిటని మనసులో అనుకున్నాము.

మరునాడు ఖర్తంగ్ ప్రయాణం. హిజ్రీ 256లో ఇమామ్ బుఖారీ కన్నుమూసిన ఊరు అది, సమర్‌ఖంద్‌కు పాతిక కిలోమీటర్ల దూరం. టాక్సీ మాట్లాడుకున్నాము. ఎక్కబోతుండగా ఖారీ సాబ్ మోకాలు నొప్పి, మీరు వెళ్ళిరండి అన్నారు. మాకు కోపం ఆగలేదు. "ఖారీ సాబ్! ఇమామ్ బుఖారీ దగ్గరికి రావడానికి కూడా లెక్కలేనా? మీరింత ఖసీస్ అని మేము అనుకోలేదు" అన్నాము.

ఖసీస్ అంటే పరమ లోభి. ఉర్దూలో అన్నాము గనుక మా నలుగురి మధ్యనే ఉంటుందనుకున్నాము. కాని స్టీరింగు మీద చేయి వేసుకుని కూర్చున్న డ్రైవరు తల తిప్పి ఖారీ సాబ్‌ను ఎగాదిగా చూశాడు. ఆ మాట వారి భాషలోనూ ఉన్నది, అదే అర్థంతో. ఖారీ సాబ్ ముఖంలో నెత్తురు లేదు. ఏమీ అనకుండా వచ్చి వెనుక సీటులో కూర్చున్నారు. మోకాలు నొప్పి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇమామ్ సమాధి దగ్గర మేము సలాము పలికి నిలబడ్డాము. ఆయన రచించిన మహా గ్రంథం అత్తారీఖుల్ కబీర్‌ను అచ్చువేసి లోకానికి అందించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. మా ఉస్తాదు దగ్గర ఉన్న ఆ సంపుటాలను చిన్నప్పుడు దుమ్ము దులిపిన చేతులివి. ఆ సంగతి తలచుకుని మా కళ్ళు చెమ్మగిల్లాయి. కొంత దూరంలో ఖారీ సాబ్ గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడుస్తున్నారు. భక్తి అనుకున్నాము.

ఆ రాత్రి ఇషా తరువాత గదిలో హాఫిజ్ సాబ్ ఆయన పక్కన కూర్చుని మెల్లగా అడిగారు: "ఖారీ సాబ్, మీ దగ్గర ఎంత మిగిలింది?" జవాబు లేదు. రెండవసారి, "అమీరుగా అడుగుతున్నాను" అన్నారు. ఖారీ సాబ్ సంచిలోనుండి ఒక మడత కాగితం, దానితో పాటు కొన్ని నోట్లు తీసి ముందుంచారు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో భోజనానికి కూడా చాలని డబ్బు. కాగితం మీద కూడికలు, తీసివేతలు. పైన ఒక అంకె 60,000. దాని పక్కన నెలనెలా వడ్డీ.

ఆయన పెద్దమ్మాయి పెళ్ళి కొరకు చేయించిన గాజులను తాకట్టు పెట్టి మాతో వచ్చారు.

"పిల్లలకు వడ్డీ ఆయతులు సరిగ్గా పలకడం నేర్పే నోరు నాది" అని మాత్రం అన్నారు. కొంతసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. తరువాత భాయి ఆవేదనగా, "నన్ను ఒక్కమాట అడిగి ఉంటే నేను ఇవ్వనా?" అన్నారు. దానికి ఖారీ సాబ్, "మీరు ఇస్తారని తెలిసే అడగలేదు భాయి" అన్నారు.

పాఠకులు ఇక్కడ కొంచెం ఆగాలి. ఖారీ సాబ్ చేసినది తప్పా అంటే తప్పే. వడ్డీ విషయంలో మేము ఎవరికీ సడలింపు ఇవ్వలేము, విహారం అత్యవసరం కాదు. ఆయన కూడా సడలింపు కోరలేదు, తౌబా చేశారు. కాని ఆ తప్పులోకి ఆయనను నడిపించినది ఎవరు? హజ్జు ఇస్లాం మూలస్తంభాలలో ఒకటి. అయినప్పటికీ స్తోమత లేనివానిపై అల్లాహ్ దానిని విధించలేదు. స్తోమత అంటే ఏమిటో వివరిస్తూ మన ఫుకహాలు, ప్రయాణికుడు తిరిగి వచ్చేవరకు అతని ఆలుబిడ్డల పోషణకు సరిపడా విడిచిపెట్టిన తరువాత మిగిలినదే లెక్కలోకి వస్తుందని వ్రాశారు. సృష్టికర్త తన ఇంటికి పిలిచేటప్పుడు పెట్టిన మినహాయింపును మేము మా విహారానికి పిలిచేటప్పుడు పెట్టలేదు. నలుగురి ఎదుట, అరుగు మీద, లెక్క కాగితం ముందుంచి, "అందరికీ సమ్మతమేనా?" అని అడిగాము. అలా అడిగిన ప్రశ్నకు లేదని చెప్పగల మధ్యతరగతి మనిషిని మేము ఇంతవరకు చూడలేదు. ఒక్కొక్కరినీ విడిగా, గౌరవం చెడకుండా, మీకెంతవరకు వీలవుతుందని అడిగి, అందరిలో తక్కువ చెప్పినవారి అంకె మీద ప్రయాణం కట్టుకుని ఉండవలసింది. అప్పుడు అది సమర్‌ఖంద్ అయ్యేది కాదేమో, హైదరాబాదు అయ్యేది.

ఒక మనిషి మంచివాడని సాక్ష్యం చెప్పబోయిన వానిని హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు), అతనితో కలిసి ప్రయాణం చేశావా అని ప్రశ్నించారని ప్రసిద్ధ కథనం. ఈ కథనాన్ని ఇతరులను పరీక్షించడానికి చెబుతూ వచ్చాము. ఆ రాత్రి అది మా మీదికి తిరిగింది.

హాఫిజ్ సాబ్ అప్పుడు తన భుజం మీది పెద్ద రుమాలు తీసి మంచం మీద పరిచారు. "ఎవరి దగ్గర ఉన్నది వారు ఇందులో పోయండి" అన్నారు. ఆయన ఏమి తలచుకున్నారో మాకు వెంటనే అర్థమయింది. అష్అరీ తెగవారు ప్రయాణంలో గాని, ఊరిలో గాని ఆహారం తరిగిపోతే తమ దగ్గర ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే కొలపాత్రతో సమంగా పంచుకునేవారని, వారు నావారు, నేను వారివాడనని దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారని హదీసు. సహీహ్ బుఖారీలో భాగస్వామ్య ప్రకరణంలో ఉన్నది. ఆ ప్రకరణం మొదలయ్యేదే ప్రయాణికులు ఖర్చుల కొరకు తలా కొంత వేసి ఉమ్మడిగా తినే ఆచారం ప్రస్తావనతో. చదువుకునే రోజులలో ఆ హదీసును మేము ఉస్తాదు ఎదుట పైకి చదివాము. ఆ గ్రంథకర్త సమాధి వద్ద ఆ పగలే నిలబడి వచ్చాము. చదివినదానికీ నిలబడినదానికీ మధ్య ఒక టాక్సీ డ్రైవరు చూపు ఉన్నది.

నోట్లన్నీ రుమాలులో పడ్డాయి. ఎవరివి ఎన్నో లెక్కించవద్దని అమీరు ఆజ్ఞ. తరువాత ఆ మూటను ఖారీ సాబ్ ఒడిలో పెట్టి, "ఇక ఖర్చు మీ చేతి మీదుగా" అన్నారు.

మరునాడు బుఖారా రైలులో, హాఫిజ్ సాబ్, భాయి వింటుండగా, మేము ఖారీ సాబ్‌ను క్షమాపణ అడిగాము. నలుగురిలో అన్న మాటకు నాలుగు గోడల మధ్య క్షమాపణ సరిపోదని మా అభిప్రాయం. ఆయన మా చేయి పట్టుకుని, "మౌలానా, పోనివ్వండి" అన్నారు. ఆ డ్రైవరును మాత్రం మళ్ళీ కలుసుకోలేకపోయాము. ఆయన దృష్టిలో ఖారీ సాబ్ ఈనాటికీ ఖసీసే.

బుఖారాలో రెండు రోజులు మేము బాగా తిన్నాము, బాగా తిరిగాము. 1127లో కట్టిన కల్యాన్ మీనారు నీడలో కూర్చుని చాయ్ త్రాగాము. అక్కడ చాయ్ పోసే పద్ధతి కూడా ఖారీ సాబే మాకు చూపారు. మొదట పియాలాలో పోసి మూడుసార్లు కెటిల్‌లోకే తిప్పి పోస్తారు. అతిథికి పియాలా నిండుగా కాక సగమే ఇస్తారు, మాటిమాటికీ నింపే అవకాశం ఉండాలని. బేరంలో ఖారీ సాబ్‌ను మించినవారు లేరని కూడా అక్కడే తెలిసింది. మన పోచంపల్లి ఇక్కత్‌ను తలపించే పట్టు బట్ట నాలుగు ముక్కలు, నలుగురి ఇళ్ళకు సమానంగా, భాయి ఒక్క ముక్కకు ఇవ్వబోయిన ధరకు తెచ్చారు.

ఊరు చేరాక భాయి 60,000 రూపాయలు ఖర్జె హసనాగా ఇచ్చి గాజులు విడిపించారు. ఖురాను ఆదేశించినట్లు కాగితం వ్రాసుకున్నారు, హాఫిజ్ సాబ్, మేము సాక్షులము. నెలకు వెయ్యి రూపాయలు. ఆ గాజులు ఖారీ సాబ్ అడిగి తీసుకున్నవి కావని, ఆయన ఇల్లాలు తానే తీసి ఇచ్చారని మా ఇంట్లో తరువాత చెప్పారు. ముప్పై ఏళ్ళుగా ఆయన స్నేహితులతో ఎక్కడికీ పోలేదని ఆమె అన్నారట. 2020లో మదరసా మూతపడి జీతాలు ఆగినప్పుడు వాయిదాలు కూడా ఆగాయి. భాయి దుకాణమూ ఆ రోజులలో మూసే ఉన్నది. అయినా ఆయన ఒక్కనాడూ ఆ ఊసు ఎత్తలేదు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వాలన్న దైవాదేశం ఆయనకు తెలుసు. ఆఖరి వాయిదా ముట్టింది, అమ్మాయి పెళ్ళీ జరిగింది, గాజులు ఆమె చేతులకే ఉన్నాయి. పేరు, ఊరు చెప్పకుండా ఇది వ్రాయడానికి ఖారీ సాబ్ ఇప్పుడు అనుమతి ఇచ్చారు. ఉత్తరం వ్రాసిన సోదరికి ఇది సమాధానమవుతుందో లేదో తెలియదు. ఆమె భర్త మిత్రులలో ఎవరైనా ఈ పత్రిక చదివేవారుంటే, వారిలో ఒక్కరైనా ఆయనను విడిగా కలిసి అడిగితే బాగుండునని మా కోరిక.

ఈ యేటి షాబాను సెలవులకు ఎక్కడికి పోవాలో నిర్ణయించే పని ఖారీ సాబ్‌కు అప్పగించాము. గండికోట అన్నారు. ఆర్టీసీ బస్సులో జమ్మలమడుగు, అక్కడినుండి కోట, పెన్న లోయ చూసుకుని, జామియా మస్జిదు దగ్గర కాసేపు కూర్చుని, సాయంత్రానికి ఇల్లు. తలకు నాలుగు వందలని లెక్క వేసి, ఆ కాగితం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి విడివిడిగా వచ్చారు. పుస్తకాలు కొనేవారు తగ్గి భాయి దుకాణం ఈమధ్య సరిగా నడవడం లేదు. ఆయన కాగితం చూసి, కాస్త తగ్గితే బాగుంటుందన్నారట. ఎందుకని ఖారీ సాబ్ అడగలేదు. హోటలు భోజనం అన్న పంక్తిని కొట్టివేసి, దాని కింద "పులిహోర, మా ఇంటినుండి" అని వ్రాసుకున్నారు.